గుచ్చితే నొప్పి తగ్గేదెలా?

చీకట్లో గుమ్మం తగిలి కాలికి ఎదురుదెబ్బ తగిలిందనుకోండి. ఎవరూ చెప్పకుండానే చెయ్యి అక్కడికి పోతుంది. నాలుగుసార్లు రుద్దుకుంటాం, నొప్పి కాస్త నెమ్మదిస్తుంది. ఎందుకు నెమ్మదించిందో మనం అడగం. రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు అడిగారు. 1965లో వాళ్లు చెప్పిన జవాబు ఇది: నొప్పి కబురు చర్మం నుంచి తిన్నగా మెదడుకు పోదు. దారిలో, వెన్నుపాములో, గేటు లాంటి ఏర్పాటు ఒకటుంది. స్పర్శను మోసుకొచ్చే లావుపాటి నరాల పోగులు సందడి చేస్తుంటే, నొప్పిని తెచ్చే సన్నపోగులకు ఆ గేటు కొంత మూసుకుంటుంది. వివరాల్లో తర్వాత చాలా మార్పులు వచ్చాయి గానీ అసలు సంగతి నిలబడింది. నొప్పిని పెంచడం, తగ్గించడం వెన్నుపాము, మెదడు చేతుల్లో ఉంది.

ఆక్యుపంక్చర్‌ను చైనా వైద్యులు 'చీ' అనే ప్రాణశక్తి ప్రవాహంతో వివరించారు. ఆ ప్రవాహ మార్గాలు శరీరాన్ని కోసి చూస్తే కనబడవు. కానీ సూది దిగిన చోట నరాలున్నాయి, కండరాలున్నాయి. సూదిని కొంచెం తిప్పగానే ఆ చోట బరువుగా, లాగినట్టు, తిమ్మిరెక్కినట్టు ఉంటుంది. నరం పలికిందన్నమాట. ముందే అక్కడ మత్తు ఇంజెక్షన్ ఇచ్చి సూది గుచ్చితే ఆ తిమ్మిరీ ఉండదు, నొప్పి తగ్గడమూ ఉండదని 1970ల్లో చైనాలో చేసిన పరీక్షల్లో తేలింది. పని జరుగుతున్నది నరాల ద్వారానే అనడానికి ఇంతకంటే సూటి ఆధారం ఏం కావాలి?

పాశ్చాత్యుల దృష్టి దీనిమీద పడటానికి ఒక పత్రికా రచయిత కడుపునొప్పి కారణం. న్యూయార్క్ టైమ్స్‌కు చెందిన జేమ్స్ రెస్టన్ 1971 జులైలో బీజింగ్ వెళ్లినప్పుడు అపెండిసైటిస్ వచ్చి అక్కడే ఆపరేషన్ అయింది. సూదులతోనే ఆపరేషన్ చేశారని ఇప్పటికీ కొందరు చెబుతుంటారు. అది నిజం కాదు. ఆపరేషన్‌కు మామూలు మత్తుమందే ఇచ్చారు. తర్వాత కడుపు బిగదీసుకుపోయి బాధపడుతుంటే, మోచేతి దగ్గరా మోకాళ్ల కిందా సూదులు గుచ్చారు. ఉపశమనం కలిగిందని ఆయనే రాశాడు.

ఆ ఉపశమనం వెనక ఉన్న రసాయనాల జాడ మరో నాలుగేళ్లకు దొరికింది. 1975లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్లిట్జ్ మెదడులో నల్లమందులా పనిచేసే పదార్థాలను గుర్తించారు. వాటికి ఎన్‌కెఫాలిన్లని పేరు పెట్టారు. ఎండార్ఫిన్లు కూడా ఈ కుటుంబంలోవే. అంటే మన తలలోనే ఒక మందుల కొట్టు ఉందన్నమాట. సూది ఆ కొట్టు తలుపు తడుతోందా? 1977లో డేవిడ్ మేయర్ బృందం పంటినొప్పి మీద పరీక్షించింది. సూదులతో తగ్గిన నొప్పి, నల్లమందు ప్రభావాన్ని విరిచే నలాక్సోన్ ఇవ్వగానే తిరిగి వచ్చింది. బీజింగ్‌లో హాన్ జీషెంగ్ ఇంకో అడుగు వేశారు. సూదులకు సన్నటి కరెంటు ఇచ్చి చూస్తే, సెకనుకు 2 సార్లయితే ఒక రకం పదార్థాలు, 100 సార్లయితే మరో రకం విడుదలవుతున్నట్టు తేలింది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. అసలు చిక్కు తర్వాత వచ్చింది. జర్మనీలో నడుం నొప్పి ఉన్న 1,162 మందిని మూడు జట్లు చేసి పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రకటించారు. ఆరు నెలలకు మామూలు చికిత్స తీసుకున్నవారిలో 27.4 శాతం మందికి మేలు కనిపించింది. ఆక్యుపంక్చర్ జట్టులో 47.6 శాతం. మరి చైనా బిందువులు కాని చోట్ల, ఊరికే పైపైన సూదులు గుచ్చిన జట్టులో? 44.2 శాతం!

నా మటుకు దీని అర్థం సూది పనిచేయదని కాదు, ఏ బిందువులో గుచ్చాలన్నది చెప్పినంత ముఖ్యం కాదని. నయమవుతుందన్న నమ్మకం వాటా కూడా అందులో ఉంది. అదీ ఉత్త భ్రమ కాదు. ఉత్తుత్తి మందుతో తగ్గిన పంటినొప్పిని సైతం నలాక్సోన్ కొంత వెనక్కి తెచ్చిందని 1978లోనే కనిపెట్టారు. నమ్మకం కూడా అదే కొట్టు తలుపు తడుతుంది. 2021లో బ్రిటన్ వైద్య మార్గదర్శక సంస్థ 'నైస్', దీర్ఘకాలిక నొప్పుల్లో కొన్నింటికి ఆక్యుపంక్చర్‌ను పరిశీలించవచ్చని చెప్పింది. నడుం నొప్పికి మాత్రం వద్దని అదే సంస్థ 2016లో చెప్పి ఉంది. పెద్దలకే ఏకాభిప్రాయం లేదని ఒప్పుకోవాలి.

కాబట్టి ఇంట్లో అమ్మకో నాన్నగారికో మోకాళ్ల నొప్పులుంటే ప్రయత్నించి చూడవచ్చు. అయితే ముందు డాక్టరుకు చూపించి, ఆ నొప్పి దేనివల్లో తేల్చుకోండి. సూది నొప్పి కబురును తగ్గిస్తుందే గానీ ఆ కబురు పంపినదాన్ని పోగొట్టదు. గుండెలో నొప్పి, హఠాత్తుగా వచ్చిన విపరీతమైన తలనొప్పి, నడుం నొప్పితోపాటు కాళ్లు చచ్చుబడటం, మూత్రం ఆగకపోవడం... వీటికి తిన్నగా ఆసుపత్రికే పరిగెత్తాలి. షుగర్, బీపీ మాత్రలు మానిపిస్తామనేవారి గుమ్మం తొక్కకండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పండి. పేస్‌మేకర్ ఉన్నవారు కరెంటు పెట్టించుకోకూడదు. సూదులు ఒక్కసారి వాడి పారేసేవి అయి ఉండాలి, ప్యాకెట్ మీ కళ్లముందే విప్పమని అడగండి. అడిగితే విసుక్కునే చోట చెప్పులు వేసుకుని వచ్చేయడమే.