దుబాయి ప్రయాణము – మన కర్తవ్యము

నారాయణఖేడ్ బస్సు నిలయమున వేకువజామున నిలిచి చూచువారికి ఈ దృశ్యము పరిచితమే. క్రొత్త పెట్టె చేతబట్టిన యువకుడు, కొంగుతో కన్ను లొత్తుకొను తల్లి, బిడ్డను చంకనెత్తుకొని మాటాడక నిలిచిన ఇల్లాలు. ఎక్కడికని అడిగినచో “దుబాయికి” అను ఉత్తరము వచ్చును. అతడు పోవునది కువైటు కావచ్చును, మస్కటు కావచ్చును, దోహా కావచ్చును. మన పల్లెల వాడుకలో ఆ తీరమంతయు దుబాయియే. ఒక నగరము పేరు ఒక ఆశకే పేరై కూర్చున్నది.

తెలుగుజాతికి ఇట్టి ఆశ క్రొత్తది కాదు. నూరేండ్ల క్రిందట సర్కారు జిల్లాలవారికి రంగూను ఇట్టి నగరమే. మేస్త్రీ యిచ్చిన బయానాకు కట్టుబడి, ఓడలెక్కి, వేలాది జనులు “రంగము” చేరిరి. 1931 నాటి జనాభా లెక్కలలో రంగూను నివాసులలో సగమునకు పైగా భారతీయులే. ఆ రేవున బరువులు మోసినవారిలో తెలుగువారు ముఖ్యులు. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె ననుసరించి అల్లరులు చెలరేగినపుడు ప్రాణములు కోల్పోయినవారిలోను వారే ముఖ్యులు. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడిన పిమ్మట, కొండలును అడవులును దాటి స్వదేశమునకు నడచిన లక్షలాది భారతీయులలో ఎందరో త్రోవలోనే రాలిపోయిరి. నగరమును నిలిపిన చేతులకు ఆ నగరమున హక్కు లేకపోవుటయే ఆ కథ చెప్పిన పాఠము. ఆ పాఠమును మనము చదివితిమా?

1966లో చమురు కనబడిన నాటినుండి దుబాయి ఎడారి యంచున మేడపై మేడ లేచినది. 2010లో తెరచిన 828 మీటరుల బుర్జ్ ఖలీఫా బొమ్మ నేడు మన తండాలలోని చేతి ఫోనులలో సైతము కలదు. ఆ బొమ్మలో కనబడనిది సోనాపూరు. కూలీల శిబిరములుండు వాడకు హిందూస్థానీ నోట పుట్టిన పేరది. బంగారుపురమని దాని యర్థము! ఆ మేడలు కట్టినవారు రాత్రికి చేరునది ఆ పురమునకే.

అయినను “పోవలదు” అని యువకులకు చెప్పుటకు మాకు నోరు రాదు. ఈ తాలూకా 1956 వరకు బీదరు జిల్లాలో నుండెను. ఆ వెనుక మెదకు జిల్లాలో చేరెను. 2016లో సంగారెడ్డి జిల్లాకు వచ్చెను. పటము మారినంత సులభముగా పొలము మారలేదు. మంజీర మన చెంతనే పారుచున్నను మెట్టచేలు మేఘము మొగమే చూడవలసి వచ్చినది. చెరకు నరుకుటకై సంసారమంతయు బండిపై వేసికొని పోవువాడు, ఒక్కడే దూరదేశము పోయి నెలనెలకు ధనము పంపుట మేలని తలచినచో వాని నెట్లు నిందింతుము? ఆ ధనముతో లేచిన ఇండ్లు, చదువుకొన్న బిడ్డలు, తీరిన తాకట్టులు మన కన్నులయెదుట నున్నవి. కావున మా వివాదము ప్రయాణముతో కాదు, ప్రయాణము సాగు తీరుతో.

ఇటీవల ఒక వృద్ధుడు ప్రామిసరీ నోటు నకలుతో మాయొద్దకు వచ్చెను. కొడుకును పంపుటకై నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పది. బండి నడుపు కొలువని చెప్పి, చూచిపోవు వీసాపై పంపి, అక్కడ ఇటుకలు మోయించిరి. మధ్యవర్తి కిచ్చిన సొమ్మునకు రసీదేదని అడిగితిమి. “మనోడే గద సారూ, రసీదెట్ల అడుగుత?” అనెను. ఈ ఒక్క మాటలో మన దురవస్థ యంతయు నిమిడియున్నది. మోసము చేయువాడు పరదేశి కాడు. మన పెండ్లిళ్లలో పంక్తిని కూర్చుండువాడే.

శాసనము లేకపోలేదు. 1983 నాటి వలసల చట్టము ప్రకారము, ప్రభుత్వమునొద్ద నమోదు కాని యెవ్వడును విదేశపు కొలువులకు జనమును కూర్చరాదు. నమోదైనవాడును పుచ్చుకొనదగిన రుసుము ముప్పదివేల రూపాయలు, దానిపై పన్ను మాత్రమే. పదవ తరగతి దాటనివాడు గల్ఫు దేశములకు కొలువుపై పోవలెనన్న వలసదారుల సంరక్షకాధికారి అనుమతి పొందవలెను. ఆ ద్వారమున పోవువానికి పది లక్షల బీమా కలదు. రెండేండ్లకు దాని చందా 275 రూపాయలు. దొడ్డిదారిని పోవువానికి ఆ రక్షణయు లేదు.

అయితే ఈ కంచెలో కంతలు కలవు. చట్టము నతిక్రమించిన మధ్యవర్తికి రెండేండ్ల వరకు ఖైదు, రెండువేల రూపాయల వరకు జరిమానా. ఒక్కొక్కనియొద్ద లక్షలు గుంజువానికి రెండువేలు దండనమా, దక్షిణయా? మరియు ఆ బీమా ప్రమాదమున చచ్చినవానికే. పగలెల్ల ఎండలో పనిచేసి రాత్రి నిద్రలో గుండె యాగిన వాని మరణము “సహజము” అని వ్రాయబడును. అంతటితో వాని భార్యకు పది లక్షల ద్వారము మూతపడును. గల్ఫున మరణించినవారి కుటుంబములకు అయిదు లక్షల సాయము నిచ్చుటకు తెలంగాణ ప్రభుత్వము 2024లో ఉత్తర్వు చేయుట మంచి పని. కాని పీనుగు వచ్చిన పిమ్మట ఇచ్చు ధనము, ప్రాణి పోవునప్పుడు చూపవలసిన శ్రద్ధకు బదులు కానేరదు. దండనమును పెంచవలెను, సహజ మరణమునకును బీమా వర్తింపజేయవలెను, అనుమతి విచారణ రాజధానిలోనే కాక తాలూకా కచ్చేరిలో సైతము జరుగవలెను. ఇది ప్రభుత్వమునకు మా విన్నపము.

చట్టమున ఒక మేలి మాటయు కలదు. ఈ నేరములపై వ్యాజ్యమునకు సామాన్యముగా కేంద్ర ప్రభుత్వపు ముందనుమతి కావలెను. కాని మోసపోయినవాడు గాని, వాని తరఫున తల్లిదండ్రులు, భార్య, బిడ్డలు, తోబుట్టువులు గాని ఫిర్యాదు చేసినచో ఆ అనుమతి అక్కరలేదు. కన్నీరు తుడుచుకొని కచ్చేరి మెట్లెక్కు ఇల్లాలికి శాసనము దారి విడిచినది. ఆ సంగతి ఆమెకు చెప్పువారెవరు?

పాఠకులారా, ఆ పని మనది. పఠనమందిరమున వారమున కొక సాయంకాలము ఇందుకై విడువుడు. పోవువాడు తన ఒప్పందపత్రమును అచటికి తెచ్చునుగాక. చదువువచ్చినవారు దానిని తెలుగున చదివి వినిపింతురుగాక. జీత మెంత, పని యేది, వీసా యెట్టిది, మధ్యవర్తి నమోదు సంఖ్య యేది అను నాలుగు ప్రశ్నలకు ఉత్తరములు పుస్తకమున వ్రాసి, నకలును ఇంటివారి కిత్తురుగాక. రసీదు అడుగుట అమర్యాద కాదని మనమే ముందుగా అడిగి చూపవలెను. ఇందుకు నిధులక్కరలేదు, సభలక్కరలేదు. ఒక బల్లయు, ఒక దీపమును, ఇద్దరు ఓపికగలవారును చాలుదురు. న్యాయవాదులలో ఆ బల్లకు మొదటి కుర్చీ మేము వేసికొందుము. రెండవది ఎవరిది?