హద్దు రాయి కింద ఒక అయస్కాంతం

పిల్లలూ! మీ ఇంటివాళ్లకు పొలం ఉంటే, అది ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో మీకు తెలుసా? తాతనడిగితే "అదిగో, ఆ తాటిచెట్టు కాడి నుంచి ఈ గట్టు మలుపు దాకా మనదే" అంటాడు. "ఆ మూలన సర్వే రాయి ఉండాలి, చూడు" అని కూడా అంటాడు. వెళ్లి చూడండి. కొన్నిచోట్ల రాయి ఉంటుంది. చాలాచోట్ల ఉండదు.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో రాళ్లు మాయం కావడానికి నదులు ఒక పెద్ద కారణం. వంశధార, నాగావళి రెండూ ఒడిశా కొండలలో పుట్టి, కొద్ది దూరమే ప్రవహించి సముద్రంలో కలుస్తాయి. కొండల్లో కుంభవృష్టి కురిస్తే చాలు, వరద త్వరత్వరగా మన పొలాల మీదికి వచ్చి పడుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నానికి సమీపాన దాటింది. ఇలాంటి తుపానుల వెనుక వచ్చే వరద ఏటి ఒడ్డు పొలాలలో ఇసుక మేటలు వేస్తుంది. నీరు తీసిన తరువాత చూస్తే గట్టూ ఉండదు, రాయీ ఉండదు. అంతా ఒకే ఇసుక బయలు.

అప్పుడేమవుతుంది? అన్నదమ్ముల మధ్య, ఇరుగుపొరుగు రైతుల మధ్య తగవు మొదలవుతుంది. మూరెడు నేల కోసం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగేవాళ్లు, పెళ్లికి పిలుచుకోనివాళ్లు, మాటలు మానేసినవాళ్లు మీ ఊళ్లోనే ఉండవచ్చు. రాయి మాత్రం చాలాసార్లు అక్కడే, రెండడుగుల ఇసుక కింద పడి ఉంటుంది. దాన్ని వెతికే ఉపాయం లేకనే ఇంత బాధ.

ఇతర దేశాల సర్వేయర్లు ఈ పనికి ఒక చిన్న సాధనం వాడతారు. అమెరికాలో పొలాల, ఇళ్ల స్థలాల మూలల్లో ఇనుప కడ్డీలు పాతడం వాడుక. అవి మట్టిలో కప్పబడిపోతే, చేతితో పట్టుకునే అయస్కాంత శోధకం తెచ్చి వెతుకుతారు. అది సుమారు మీటరు పొడవున్న కర్రలాంటిది. పైన ఒక పెట్టె, అందులో బ్యాటరీలు, స్పీకరు ఉంటాయి. మామూలు నేల మీద అది సన్నగా గొణుగుతూ ఉంటుంది. కింద ఇనుముంటే, దగ్గర పడేకొద్దీ కీచుమని అరుస్తుంది.

ఇందులో మంత్రమేమీ లేదు. భూమి ఒక పెద్ద అయస్కాంతమని మీరు చదివే ఉంటారు. నేలలో ఉన్న ఇనుప ముక్క ఆ క్షేత్రం వల్ల తానూ ఒక చిన్న అయస్కాంతమవుతుంది. అయితే భూమి క్షేత్రం ముందు దాని బలం చాలా కొద్ది. గాలివానలో గుసగుస వినాలన్నంత కష్టం! అందుకని ఆ కర్రలో అర మీటరు ఎడంగా రెండు సున్నితమైన పరికరాలు అమర్చారు. భూమి క్షేత్రం రెండింటి దగ్గరా ఒకేలా ఉంటుంది. తక్కెడలో రెండు వైపులా సమానమైన రాళ్లు వేస్తే ముల్లు కదలదు గదా! అలాగే ఒకదానిలోంచి ఒకటి తీసేస్తే సున్నా వస్తుంది. కింద ఇనుముంటే కింది పరికరానికి దగ్గర, పైదానికి దూరం. తక్కెడ ఒక పక్కకు మొగ్గుతుంది. ఆ తేడాయే మనకు శబ్దంగా వినిపిస్తుంది.

ఫ్లక్స్‌గేట్ అనే ఈ రకం పరికరాలు 1930ల దశకంలో రూపుదిద్దుకున్నాయి. రెండవ ప్రపంచయుద్ధంలో విమానాలలో అమర్చి, నీటి అడుగున దాగిన జలాంతర్గాములను పసిగట్టడానికి వాడారు. యుద్ధానికి పుట్టిన సాధనం రైతుల హద్దులు వెతకడానికి రావడం మంచి మార్పే గదా!

అయితే ఒక చిక్కుంది. మన సర్వే రాళ్లు నిజంగా రాళ్లే. వాటికి ఈ యంత్రం పలకదు. పలకాలంటే రాయి అడుగున ఇనుపముక్కో, అయస్కాంతమో ఉండాలి. అందుకే నేను చెప్పదలచిన మాట ఇది: మన జిల్లాలలో, ముఖ్యంగా ఏటి ఒడ్డు ఊళ్లలో, పాతే ప్రతి హద్దు రాయి కింద ఒక అయస్కాంతం కూడా పాతాలి.

ఇనుప కడ్డీ చాలదా, అయస్కాంతమెందుకు అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. దానికి రెండు కారణాలున్నాయి.

ఒకటి, మన ఊరు భూగోళం మీద ఉన్న చోటు. స్వేచ్ఛగా వేలాడే అయస్కాంత సూచి అమెరికా ఉత్తర ప్రాంతాలలో 65 డిగ్రీలకు పైగా నేలవైపు వంగుతుంది. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది గనుక, మన దగ్గర ఆ వంపు 20, 30 డిగ్రీల మధ్యనే ఉంటుంది. అంటే నేలలో నిలువుగా పాతిన కడ్డీని అయస్కాంతంగా మార్చే శక్తి మన దగ్గర అక్కడి శక్తిలో సగం కూడా ఉండదు. అక్కడ బాగా పలికే కడ్డీ ఇక్కడ అంతగా పలకదు. పరదేశపు పద్ధతిని ఉన్నదున్నట్లు తెచ్చుకుంటే చాలదు సుమా! అయస్కాంతానికైతే సొంత బలం ఉంటుంది. భూమి సాయం కోసం చూడదు.

రెండు, తుప్పు. సముద్రపు ఉప్పుగాలి తగిలే మన తీరంలో ఇనుము ఎంతకాలం నిలుస్తుందో మీ ఇంటి కిటికీ చువ్వలు చూస్తే తెలుస్తుంది. పూర్తిగా తుప్పయిన ఇనుముకు అయస్కాంత గుణం చాలా తగ్గిపోతుంది. పాత రేడియో స్పీకరు వెనుక ఉండే నల్లని గుండ్రటి బిళ్లను మీరు చూశారా? అది ఫెర్రైట్ అయస్కాంతం. ఐరన్ ఆక్సైడ్‌ను స్ట్రాన్షియం లేదా బేరియం సమ్మేళనంతో కలిపి, కుండను కాల్చినట్లు కాల్చి చేస్తారు. అది ముందే ఆక్సైడ్ గనుక మళ్లీ తుప్పు పట్టేదేమీ లేదు. ఖరీదూ తక్కువే. పెళుసు గనుక సిమెంటులో పొదిగి పాతితే సరి.

హద్దు కింద గుర్తు దాచడం కొత్త ఆలోచన కూడా కాదు. మనుస్మృతిలో నేటికి పనికిరాని మాటలు చాలా ఉన్నాయి గాని, ఎనిమిదో అధ్యాయంలో ఒక తెలివైన మాట ఉంది. పైకి కనబడే గుర్తులతో బాటు రాళ్లు, బొగ్గులు, పెంకులు వంటి త్వరగా చివకని వస్తువులను హద్దుల కింద రహస్యంగా పాతమని అందులో చెప్పారు. హద్దుల గురించి మనుషులు తగవులాడుకోవడం ఎంత పాతదో చూడండి! వాళ్లకు తవ్వి చూడక తప్పలేదు. మనం తవ్వకుండానే తెలుసుకోవచ్చు.

"ఇప్పుడు ఉపగ్రహాలున్నాయి గదా, ఇదంతా దేనికి?" అని కొందరంటారు. నిజమే. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే మొదలైంది. డ్రోన్లతో ఫోటోలు తీశారు. ఉపగ్రహ సంకేతాలందుకునే రోవర్లతో సెంటీమీటర్ల తేడాలో కొలిచారు. అది గొప్ప పనే. కాని రోవర్ చెప్పేది రాయి ఎక్కడ ఉండాలో. రాయిని నిజంగా ఎక్కడ పాతారో చెప్పగలిగేది నేలలో ఉన్న గుర్తే. రెండూ ఒకటే చెబితే ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్పినట్లు. తగవు అక్కడితో తెగిపోతుంది. రెండూ తేడాగా చెబితే, ఎక్కడో పొరపాటు జరిగిందని ముందే తెలుస్తుంది.

ఈ పద్ధతిలో లోపాలు లేవనను. మన తీరపు ఇసుకలో నల్లని రేణువులు చూశారా? అయస్కాంతం దొర్లిస్తే గడ్డంలా అంటుకునేవి మాగ్నటైట్ రేణువులు. అవి ఎక్కువగా ఉన్నచోట యంత్రం ఊరికే అరుస్తుంది. గరివిడి ప్రాంతపు మాంగనీసు నేలల్లో అయస్కాంతానికి గట్టిగా అతుక్కునే ఒక ఖనిజం దొరికింది. భూవిజ్ఞాని ఫెర్మోర్ దానికి వ్రెడెన్‌బర్గైట్ అని పేరు పెట్టాడు. అలాంటి నేలలోనూ పొరబడవచ్చు. ట్రాక్టరు నుంచి ఊడిపడిన బోల్టు కూడా శబ్దం చేయిస్తుంది. అందుకే ముందు వంశధార, నాగావళి ఒడ్డున కొన్ని ఊళ్లలో, మూడు ఊళ్ల సరిహద్దులు కలిసే చోట్ల మాత్రమే పెట్టి, ఒక వరద గడిచాక ఎన్ని దొరికాయో లెక్క చూడాలి. పరీక్షించకుండా నమ్మమని నేను అడగను.

మీరు కూడా పరీక్షించవచ్చు. పాత స్పీకరు అయస్కాంతం ఒకటి సంపాదించండి. బడిలో లాంగ్‌జంప్ ఇసుక గొయ్యి ఉంటుంది గదా! మీ స్నేహితుడు చూడకుండా దాన్ని జానెడు లోతున పాతి, ఇసుక చదును చేయండి. అతని చేతికి దిక్సూచి ఇచ్చి, నేలకు దగ్గరగా పట్టుకుని వరుసలవారీగా నడవమనండి. సూచి ఎక్కడ తడబడుతుందో అక్కడ పుల్ల గుచ్చాలి. తరువాత అయస్కాంతాన్ని మూరెడు లోతున పాతి చూడండి. చిన్న అయస్కాంతానికి దూరం రెట్టింపయితే బలం సగం కాదు, ఎనిమిదో వంతవుతుంది. మూడు రెట్లయితే ఇరవై ఏడో వంతు. లోతు కొద్దిగా పెరిగినా సూచి ఎందుకు ఊరుకుంటుందో అప్పుడు అర్థమవుతుంది. దిక్సూచిని అయస్కాంతానికి ఆనించకండి, సూచి ధ్రువాలు తారుమారవుతాయి. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉంటే, చాలావాటిలో అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే చిప్ ఉంటుంది. దానితో అంకెలు కూడా రాసుకోవచ్చు. అయస్కాంతాన్ని మాత్రం ఫోనుకు తగలనీయవద్దు.

రెండు హెచ్చరికలు. ఈ యంత్రానికి బంగారం, వెండి, రాగి తెలియవు. ఇలాంటి కర్ర చూపించి గుప్తనిధులు తీస్తామని ఎవరైనా వస్తే, వాళ్లు మోసగాళ్లని పదిమందికీ చెప్పండి. అలాగే, శబ్దం రాగానే గునపం ఎత్తకూడదు. కింద కరెంటు కేబులుండవచ్చు, నీటి గొట్టముండవచ్చు. యూరప్‌లో పాత యుద్ధాల నాటి పేలని బాంబులను కూడా ఇలాంటి సాధనాలతోనే వెతుకుతారు. యంత్రం "ఇక్కడ ఇనుముంది" అంటుందే గాని, అదేమిటో చెప్పదు.

ఈ సెలవుల్లో పెద్దవాళ్లతో కలిసి పొలానికి వెళ్లండి. మీ సర్వే నంబరు మూలల్లో ఎన్ని రాళ్లు కనబడుతున్నాయో, ఎన్ని కనబడటం లేదో చూసి ఒక పటం గీయండి. రాళ్లను మాత్రం ముట్టుకోవద్దు, కదిలించడం నేరం. ఆ పటం మీ ఊరి సర్వేయరుకు చూపించి, "రాయి కింద అయస్కాంతం పెడితే ఎలా ఉంటుందండీ?" అని అడగండి. ఆయన ఏమంటారో వినండి. కాదంటే ఎందుకు కాదో కూడా అడిగి తెలుసుకోండి.