ఆడవాళ్ల మీద పరిశోధన రైతుకెందుకు అంటారా?

విశ్వవిద్యాలయాల్లో మహిళల బతుకుల మీద, కులాల మధ్య, ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య ఉన్న అంతరాల మీద జరిగే పరిశోధనకు పెట్టే డబ్బు దండగ అనే మాట తరచు వినిపిస్తోంది. ఆ చదువులతో కొలువులు రావు, పంటలు పండవు అంటున్నారు. మన ఊళ్లలోనూ ఆ మాటకు తలూపేవాళ్లున్నారు. రైతు సంఘంగా మేం దీన్ని ఒప్పుకోం. ఆ పరిశోధన ఆగిపోతే నష్టపోయేవాళ్లలో ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు మెట్ట రైతు ముందుంటాడు. ఎందుకో చెప్తాం.

సీడు పత్తి చెప్పిన నిజం

1990ల్లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సంకర పత్తి విత్తనాల సాగు బాగా పెరిగింది. సీడు పత్తి వేసినవాళ్లకు క్రాసింగ్ పని ఎంత కష్టమో తెలుసు. సాయంత్రం మొగ్గ గిల్లాలి, మరునాడు పొద్దున మగపువ్వు పుప్పొడి అంటించాలి. ప్రతి పువ్వుకూ చేత్తోనే. ఆ పనికి ఎక్కువగా దిగింది పద్నాలుగేళ్లు నిండని ఆడపిల్లలు. తల్లిదండ్రులకు ముందే బదులిచ్చి, పిల్లను సీజనంతా చేలో కట్టేసుకునేవారు.

దావులూరి వెంకటేశ్వర్లు, లూసియా డా కోర్టా అనే పరిశోధకులు దీన్ని పరిశీలించి 2001లో 'జర్నల్ ఆఫ్ పెజెంట్ స్టడీస్' అనే పత్రికలో రాశారు. మగకూలీ స్థానంలోకి ఆడకూలీ, ఆడకూలీ స్థానంలోకి ఆడపిల్ల ఎలా వచ్చి చేరారో చూపించారు. రైతును దోషిగా నిలబెట్టి చేతులు దులుపుకుని ఉంటే మనకు ఒరిగేదేమీ ఉండేది కాదు. వాళ్లు అక్కడ ఆగలేదు. 2005లో సాగు ఖర్చు లెక్క తీశారు. కంపెనీ ప్యాకెట్టుకు ఇచ్చే ధరతో పెద్దవాళ్లకు కూలి ఇస్తే రైతుకు గిట్టదని ఆ లెక్కలో తేలింది. పిల్లల కూలి వెనక కంపెనీ ధర ఉందని అంకెలతో సహా బయటపడింది. ఆ ఒత్తిడికి బహుళజాతి విత్తన కంపెనీలు చర్చలకు కూర్చోవలసి వచ్చింది. పిల్లల్ని పనిలో పెట్టని రైతుకు ధర మీద కొంత అదనం ఇవ్వడానికి ఒప్పుకున్న కంపెనీ కూడా ఉంది.

గిట్టుబాటు ధర కోసం మార్కెట్ యార్డు ముందు కూర్చుని మనం అరిచే మాటనే ఆడపిల్లల కూలి మీద మొదలైన పరిశోధన రుజువు చేసింది. ఇది రైతు పని కాకపోతే ఇంకేది రైతు పని?

పట్టా ఎవరిది, సేద్యం ఎవరిది?

పల్లెల్లో పనిచేసే ఆడవాళ్లలో ప్రతి నలుగురిలో ముగ్గురు సేద్యం మీదే బతుకుతున్నారని ప్రభుత్వ సర్వేలే చెప్తున్నాయి. 2015-16 వ్యవసాయ గణనలో మాత్రం ఆడవారి పేరున ఉన్న కమతాలు దేశం మొత్తం మీద 14 శాతమే. మన రాష్ట్రంలో 30 శాతం దాకా ఉన్నాయి. మెరుగే. కానీ ఆ పాసుపుస్తకాల్లో బ్యాంకు అప్పు కోసమో, పథకం కోసమో భార్య పేరున రాయించినవెన్ని? ఏ పంట వేయాలో ఆమే తేల్చుకుంటున్న పొలాలెన్ని? ఆదోని యార్డులో పత్తి అమ్మితే ఆ డబ్బు ఎవరి చేతికి వస్తోంది? రెవెన్యూ రికార్డు వీటికి బదులు చెప్పదు. ఇంటింటికీ తిరిగి, ఆడమనిషిని విడిగా కూర్చోబెట్టి, ఓపికగా వినే పరిశోధనే చెప్పగలదు.

పెళ్లికాని ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇచ్చే చట్టం మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. దేశమంతటికీ అలాంటి చట్టం 2005లో గానీ రాలేదు. చట్టంలో మనం ఇరవై ఏళ్లు ముందున్నాం. మన ఊళ్లలో ఎందరు ఆడబిడ్డలు ఆ వాటా తీసుకున్నారు, ఎందరు పుట్టింటి మాట పోతుందని సంతకం పెట్టి వదులుకున్నారు? ఆ లెక్క తీయకుండా చట్టం అమలైందని ఎవరు చెప్పినా అది ఉత్తమాటే.

లెక్కలో లేకపోతే ఏమవుతుందో రైతు ఆత్మహత్య జరిగిన ఇంటికి తెలుసు. భూమి కాగితం అడుగుతారు, అప్పు కాగితం అడుగుతారు, కౌలు కార్డు అడుగుతారు. 2019 చట్టం ప్రకారం సాగుదారు హక్కు పత్రానికి భూయజమాని సంతకం కావాలి. బతికుండగా మొగుడికే పెట్టని సంతకం, చనిపోయాక భార్య కోసం పెడతాడా? సేద్యం చేసే ఆడమనిషే ప్రాణం తీసుకుంటే, భూమి పేరున లేదు కాబట్టి ఆమె రైతుల లెక్కలోకే రాదు. పి. సాయినాథ్ ఈ మాట ఏళ్ల తరబడి రాస్తున్నారు. 2007 జాతీయ రైతు విధానం కౌలుదారునూ, కూలీనీ కలుపుకుని రైతు అనే మాటకు విశాలమైన అర్థం చెప్పింది. ఆ అర్థం మన తహసీల్దారు కార్యాలయం గడప ఇంకా దాటలేదు.

2004లో మన రాష్ట్రంలో రైతు సంక్షేమ కమిషన్ వేసినప్పుడు దానికి అధ్యక్షత వహించింది జేఎన్‌యూ ఆచార్యురాలు జయతి ఘోష్. కౌలు రైతును గుర్తించాలని, బ్యాంకు అప్పు అందించాలని ఆ కమిషన్ గట్టిగా చెప్పింది. కౌలుదారుల చట్టం 2011లో వచ్చింది. విశ్వవిద్యాలయంలో నేర్చిన విద్య రైతుకు పనికిరాదనేవాళ్లు దీనికి బదులు చెప్పాలి.

సుగ్గికి పోయేవాళ్ల లెక్క

దీపావళి దాటితే కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం, ఆదోని మండలాల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. గుంటూరు వైపు పత్తి తీతకు, మిరప కోతకు, బెంగళూరు, హైదరాబాదులకు కట్టడం పనికి జనం బండ్లెక్కుతారు. ఎంతమంది పోతున్నారన్నది ప్రతి ఏడూ పత్రికల్లో వస్తుంది. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఎవరి చేతికి పోయింది, ఎవరి ఒంటితో తీరింది అన్నది రాదు. చంటిబిడ్డను చూసుకోవడానికి ఏ అక్కను బడి మాన్పించారు, సుగ్గికి పోయే ముందు ఏ పిల్లకు తొందరపడి పెళ్లి చేశారు అన్నదీ రాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు దేశంలో 23.3 శాతం, మన రాష్ట్రంలో 29.3 శాతం.

తుంగభద్ర దిగువ కాలువ చివరి భూములకు నీళ్లందని ఏడాది ఏ ఇల్లు ముందు సుగ్గికి కదులుతుంది? అది ఏ కులం ఇల్లు, ఎంత చెలక ఉన్న ఇల్లు? ఈ లింకును ఊరూరా కట్టి చూపించగలిగితే, నీళ్లు అడిగే మన అర్జీ బరువే వేరు. కాలువ నీళ్లకూ ఆడపిల్ల చదువుకూ ఉన్న సంబంధం అప్పుడు ఏ అధికారీ కొట్టిపారేయలేడు.

రెండు వాదనలకు జవాబు

"ఆడా మగా, కులం గిలం అని తవ్వితే రైతుల ఐక్యత చీలుతుంది" అని కొందరంటారు. చీలిక పరిశోధకుడు తెచ్చింది కాదు. ఒకే చేలో ఒకే పొద్దు పనిచేసినా మగవాడికి ఒక కూలి, ఆడదానికి ఒక కూలి ఇస్తున్నప్పుడే అది ఉంది. దాన్ని దాచిపెట్టి కట్టిన ఐక్యత మొదటి కరువుకే పగులుతుంది.

"నిధుల్లేవు" అని ప్రభుత్వాలంటాయి. 2017లో పన్నెండో ప్రణాళిక ముగిసిందనే పేరుతో మహిళా అధ్యయన కేంద్రాలను, సామాజిక వెలివేత అధ్యయన కేంద్రాలను మూసే పరిస్థితి తెచ్చారు. అధ్యాపకులు, విద్యార్థులు గొంతెత్తితే గడువు పొడిగించారు. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో నెట్ ఫెలోషిప్ లేని పీహెచ్‌డీ విద్యార్థికి నెలకు 8,000 రూపాయలు, అదీ ఏళ్ల తరబడి పెరగలేదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఖాళీలు నిండవు. ఆ డబ్బుతో ఒక కూలి ఇంటి ఆడపిల్ల కర్నూలు నుంచి కోసిగికి ఎన్నిసార్లు వచ్చి పోగలదు?

మేం అడిగేది

ఒకటి: రాయలసీమ విశ్వవిద్యాలయం, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం కలిసి పశ్చిమ కర్నూలు మండలాల్లో మహిళా సేద్యం, వలస, భూమి హక్కు మీద అయిదేళ్లు సాగే అధ్యయనం చేపట్టాలి. దానికి రాష్ట్ర బడ్జెట్లో నిధి కేటాయించాలి.

రెండు: మహిళా అధ్యయన కేంద్రాలకు ఏడాదికోసారి దయ చూపినట్టు కాకుండా శాశ్వతంగా నిధులు, పోస్టులు ఇవ్వాలి.

మూడు: ఈ ప్రాంతపు దళిత, బీసీ, మైనారిటీ ఇళ్ల ఆడపిల్లలకు పరిశోధన ఫెలోషిప్పులు ఇవ్వాలి. ఇక్కడి మాట, ఇక్కడి బాధ తెలిసినవాళ్లు అడిగితేనే నిజం బయటికొస్తుంది.

నాలుగు: ఫలితాలు ఇంగ్లీషు పుస్తకాల్లో మగ్గిపోకూడదు. తెలుగులో అచ్చువేసి, చదివిన ఊళ్లోనే గ్రామసభలో వినిపించాలి. బనవాసి కృషి విజ్ఞాన కేంద్రం పెట్టే శిక్షణల్లో ఆడరైతులు చెప్పిన అవసరాలకు చోటుండాలి.

పరిశోధకులకూ ఒక మాట. మా ఊళ్లకు రండి, మా సంఘం తోడుంటుంది. సుగ్గి నుంచి జనం తిరిగొచ్చే నెలల్లో రండి, లేకపోతే తాళాలే కనిపిస్తాయి. పనిదినం పోగొట్టుకుని మీతో కూర్చున్న ఆడకూలీకి ఆ రోజు కూలి ఇవ్వండి. మాకు నచ్చని నిజం తేలినా దాచకండి.

రైతు సోదరులారా, సోదరీమణులారా! వచ్చే గ్రామసభలో కాలువ నీళ్లు, మద్దతు ధర తీర్మానాలతో పాటు ఈ నాలుగు కోర్కెలనూ తీర్మానంగా పెట్టండి. ఆ తీర్మానం మీద ఆడవాళ్లు మొదట మాట్లాడాలి, మొదటి సంతకం వాళ్లే పెట్టాలి.