అనుమానం చాలు, ఆట ఆపాలి

కూతకు వెళ్లిన కుర్రాణ్ని నలుగురు గొలుసుకట్టి పడగొడతారు. ఆ పడటంలో తల నేలకు కొట్టుకుంటుంది. లేదా పట్టు కోసం దూకినవాడి మోకాలు కణతకు తగులుతుంది. రెండు క్షణాలు కదలడు. ఎవరో ముఖాన నీళ్లు కొడతారు, ఇంకొకరు వీపు తడతారు, లేచి నిలబడగానే చప్పట్లు మోగుతాయి. అవుటయ్యాడు కాబట్టి పక్కన కూర్చుంటాడు. నిమిషం తిరక్కముందే జట్టుకు పాయింటు వస్తే మళ్లీ కోర్టులోకి దిగుతాడు. సంక్రాంతి పోటీల్లో, పాఠశాలల క్రీడల్లో, జిల్లా టోర్నీల్లో ఇది మామూలైపోయింది. ఇది ఆగాలి. దెబ్బ తిన్నాక తీరు మారిందని అనుమానం వచ్చిన ఆటగాడు ఆ రోజు మళ్లీ బరిలో అడుగు పెట్టకూడదు. ఈ విషయాన్ని అతని పంతానికో కోచ్ విచక్షణకో వదిలేయకుండా నిబంధనగా రాయాలి.

ఇలాంటి దెబ్బతో వచ్చే కంకషన్ అంటే పుర్రె చిట్లడం కాదు, మెదడులో రక్తస్రావమూ కాదు. తలకో మెడకో ఒంటికో తగిలిన దెబ్బ అదురు మెదడుకు చేరి, దాని పనితీరు కొన్నాళ్లు గాడి తప్పడం. మామూలుగా సీటీ స్కాన్‌లో ఏమీ కనబడదు. అందుకే ‘స్కాన్ బాగానే ఉంది’ అన్న మాట పట్టుకుని పిల్లాణ్ని మర్నాడే మైదానానికి పంపడం ప్రమాదకరం. స్పృహ తప్పితేనే కంకషన్ అనుకోవడం అంతకంటే పెద్ద పొరపాటు. పదింట తొమ్మిది సందర్భాల్లో స్పృహ తప్పదు. లేచాక తూలుతాడు, తల పట్టుకుంటాడు, చూపు ఎటో ఉంటుంది. అడిగినదానికి ఆలస్యంగా బదులిస్తాడు, చెప్పిన మాటే మళ్లీ అడుగుతాడు. తలనొప్పి, వికారం, కళ్లు మసకబారడం, వెలుతురు భరించలేకపోవడం అతను చెబితేనే తెలుస్తాయి. కొన్ని లక్షణాలు గంటలు గడిచాక గానీ బయటపడవు.

కబడ్డీలో ఒక వెసులుబాటు ఉంది. అవుటైనవాడు కాసేపు బయట కూర్చుంటాడు. ఆ కాసేపట్లో పక్కన కూర్చుని నాలుగు ప్రశ్నలు అడగొచ్చు. ఇప్పుడు ఏ ఊళ్లో ఆడుతున్నాం? ఇది మొదటి సగమా, రెండోదా? చివరి పాయింటు ఎవరికి వచ్చింది? కిందటి మ్యాచ్ ఎవరితో ఆడాం, గెలిచామా? ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌లో పుట్టిన ఇలాంటి ప్రశ్నలను మాడక్స్ ప్రశ్నలంటారు. పేరు, తేదీ అడిగితే చాలదు. మెదడు అదిరినవాడు కూడా వాటిని ఠక్కున చెప్పేయగలడు. అప్పుడే జరిగింది మాత్రం గుర్తుండదు. ఒక్క జవాబు తడబడినా అతని ఆట ఆ రోజుకు ముగిసినట్టే. అన్నీ సరిగ్గా చెప్పినా, తూలడం కళ్లారా చూశాక లోపలికి పంపకూడదు.

డబ్బు, డాక్టర్లు ఉన్నచోట ఇవన్నీ సవ్యంగా జరుగుతాయనుకోవడం భ్రమ. 2014 ప్రపంచకప్ ఫుట్‌బాల్ ఫైనల్లో జర్మనీ ఆటగాడు క్రిస్టోఫ్ క్రామర్ 17వ నిమిషంలో ప్రత్యర్థిని బలంగా ఢీకొన్నాడు. అయినా ఆడుతూనే ఉన్నాడు. కాసేపటికి రెఫరీ నికోలా రిజోలీ దగ్గరికి వెళ్లి ‘ఇది ఫైనలేనా?’ అని అడిగాడు. రెఫరీ కంగారుపడి జర్మనీ ఆటగాళ్లకు చెబితే, 31వ నిమిషంలో బయటికి తెచ్చారు. కోట్లమంది చూస్తున్న మ్యాచ్‌లో, వైద్య బృందం గీత అవతలే ఉండగా, పద్నాలుగు నిమిషాలు! 2022 సెప్టెంబరులో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు టువా టాగోవైలోవా తూలి పడటాన్ని అందరూ చూశారు. పరీక్షించి మళ్లీ ఆటకు పంపారు. నాలుగు రోజులకే ఇంకో మ్యాచ్‌లో దెబ్బ తిని, వేళ్లు బిగుసుకుపోయిన స్థితిలో స్ట్రెచర్ మీద వెళ్లాడు. ఆ తర్వాతే, తూలినవాణ్ని తిరిగి పంపకూడదని అక్కడి లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ నిబంధన మార్చింది.

ఆ నాలుగు ప్రశ్నలు వేరు, అసలు వైద్య పరీక్ష వేరు. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన నిపుణుల సదస్సు నుంచి వచ్చిన స్కాట్-6 అనే కంకషన్ పరీక్షను వైద్య సిబ్బందే చేయాలి. తక్కువలో తక్కువ 10 నుంచి 15 నిమిషాలు పడుతుంది. లక్షణాలు అడుగుతారు, పదాలు వినిపించి తర్వాత మళ్లీ చెప్పమంటారు, నెలల పేర్లు వెనక నుంచి చెప్పిస్తారు, మడమకు బొటనవేలు తాకేలా నడిపిస్తారు. ఫలితం మామూలుగా వచ్చినా కంకషన్ లేదని కాదు. అందుకే రగ్బీ రెండు దారులు పెట్టుకుంది. శిక్షణ పొందిన డాక్టర్లున్న అగ్రస్థాయి పోటీల్లో 12 నిమిషాలు బయట పరీక్షించి, బాగుంటే తిరిగి పంపుతారు. కింది స్థాయిలో మాత్రం అనుమానం వస్తే బయటికి పంపడమే, తిరిగి రావడం లేదు. మన మండల పోటీలకు కావలసింది ఈ రెండో దారి. డాక్టర్ లేడు కాబట్టి ఏమీ చేయలేమని నిర్వాహకులు అనడం తలకిందుల వాదన. డాక్టర్ లేడు కాబట్టే అతన్ని మళ్లీ ఆడించే హక్కు అక్కడ ఎవరికీ లేదు.

మెదడు కోలుకోకముందే రెండో దెబ్బ తగిలితే, ముఖ్యంగా పిల్లల్లో, అరుదుగానైనా మెదడు ఒక్కసారిగా వాచి ప్రాణం పోతుంది. 2011లో ఉత్తర ఐర్లండ్‌లో 14 ఏళ్ల విద్యార్థి పాఠశాల రగ్బీ మ్యాచ్‌లో తలకు దెబ్బలు తిన్నాక కూడా ఆడి, ఇలాగే చనిపోయాడు. అమెరికాలో 2006లో ఒక పదమూడేళ్ల బాలుడు దెబ్బ తిన్నాక మళ్లీ ఆడి వికలాంగుడయ్యాడు. అతని పేరిట వాషింగ్టన్ రాష్ట్రం 2009లో లైస్టెడ్ చట్టం చేసింది. అనుమానం రాగానే ఆటగాణ్ని తప్పించాలి, అర్హత ఉన్న వైద్య నిపుణులు రాసిచ్చేదాకా తిరిగి ఆడించకూడదు, ఈ ముప్పు గురించి తల్లిదండ్రులకు ముందే చెప్పి సంతకం తీసుకోవాలి అన్నది దాని సారం. ఐదేళ్లలో యాభై రాష్ట్రాలూ ఇలాంటి చట్టాలు తెచ్చుకున్నాయి. మనకు అడ్డేమిటి?

తల దెబ్బ పేరు చెప్పి అలసిన ఆటగాణ్ని మార్చుకుంటారనే అభ్యంతరం వస్తుంది. కొట్టిపారేయలేం. 2025 జనవరిలో పుణె టీ20లో తలకు దెబ్బ తగిలిన శివమ్ దూబే స్థానంలో కంకషన్ సబ్‌స్టిట్యూట్‌గా హర్షిత్ రాణా వచ్చి మూడు వికెట్లు తీసినప్పుడు ఇంగ్లండ్ గట్టిగానే అభ్యంతరం చెప్పింది. విరుగుడు కూడా క్రికెట్‌లోనే ఉంది. కంకషన్ అని తేలిన ఆటగాడు కనీసం ఏడు రోజులు ఆడకూడదని ఐసీసీ షరతు పెట్టింది. అబద్ధమాడిన జట్టు వారం పాటు తన ఆటగాణ్నే పోగొట్టుకుంటుంది. బ్రిటన్‌లో కింది స్థాయి ఆటలకైతే 21 రోజుల లోపు పోటీల్లోకి రాకూడదంటున్నారు. మన దగ్గరా అంతే ఉండాలి.

ఆటగాడు దెబ్బను ఎందుకు దాస్తాడో కూడా ఆలోచించాలి. ఊరి నుంచి వచ్చిన కబడ్డీ కుర్రాడికి జిల్లా జట్టులో చోటు అంటే స్పోర్ట్స్ కోటాలో కాలేజీ సీటు, రైల్వేలోనో పోలీసు శాఖలోనో కొలువు. సెలక్షన్ రోజున తల తిరుగుతోందని చెబితే ఆ దారి మూసుకుపోతుంది. అతణ్ని నిజాయతీగా ఉండమని చెప్పే ముందు ఆ భయం తీర్చాలి. తల దెబ్బతో తప్పుకున్నవారికి మళ్లీ సెలక్షన్ పెట్టడం తప్పనిసరి చేయాలి. జట్టుకు నష్టం లేకుండా ఆ మార్పును మామూలు సబ్‌స్టిట్యూషన్ల లెక్కలో కలపకూడదు. కోచ్ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆటగాణ్ని బయటికి పంపే అధికారం అంపైర్‌కు ఉండాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ క్రీడా ప్రాధికార సంస్థలు, కబడ్డీ సంఘాలు ఈ సీజన్ ఎంట్రీ ఫారాల్లోనే ఈ షరతులు అచ్చువేయాలి. సామాన్యుల కోసం ఒక్క కాగితంలో ఇమిడేలా తయారైన, కంకషన్ లక్షణాలను గుర్తించే సీఆర్‌టీ-6ను తెలుగులోకి తెచ్చి ప్రతి పీఈటీ చేతికి ఇవ్వాలి. దెబ్బ తిన్నవాణ్ని ఒంటరిగా బస్సెక్కించి పంపకూడదని, బండి నడపనివ్వకూడదని అందులో ఉండాలి. వాంతులు ఆగకపోయినా, తలనొప్పి ముదురుతున్నా, మెడ నొప్పి, ఫిట్స్, కాళ్లూచేతుల్లో తిమ్మిరి, మగత కనబడినా క్షణం ఆగకుండా 108కు ఫోన్ చేయాలని పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఆ కాగితం లేని టోర్నీకి అనుమతి ఇవ్వకూడదు.