తల్లినే ఎందుకు నిలదీస్తారు?

పిల్లవాడు లావెక్కితే 'ఏం పెడుతున్నావమ్మా?' అని తల్లినే అడుగుతారు. చిక్కిపోయినా ఆమెనే. తండ్రి జోలికి ఎవరూ పోరు. మార్కాపురంలో పొద్దంతా పలకల పనిచేసి వచ్చిన తల్లికి తీరిగ్గా వండే వేళెక్కడిది? మెట్టచేలలో కొర్ర, సజ్జ తగ్గాయి. బడి పక్క బంకులో చిప్స్ ప్యాకెట్ అయిదు రూపాయలే.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువు 2015-16లో 2.1 శాతం, 2019-21లో 3.4 శాతం. అప్పుడే దాదాపు మూడోవంతు పిల్లలు తక్కువ బరువుతో ఉన్నారు. ఇది వంటింటి తప్పా, విధానాల తప్పా?

బడి గేటుకు 50 మీటర్లలోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువైన తిండి అమ్మకూడదని 2020లో నిబంధనలు వచ్చాయి. గిద్దలూరులో ఆ 50 మీటర్లు కొలిచేదెవరు? తల్లులకు పాఠాలు చెప్పేముందు అధికారులు టేపు పట్టుకుని రావాలి. రప్పించాల్సింది మనమే.