విశ్వాసం అనే ఒక్క మాట



గత షవ్వాల్ మాసంలో మదరసా తిరిగి తెరిచిన కొద్ది రోజులకు మా తరగతిలో జరిగిన ఒక సంగతితో ఈ నెల మాట మొదలుపెడతాము. ఆ రోజు ఈమాన్ గురించి పాఠం చెబుతున్నాము. అరబీలో ‘మోమిన్’ అన్న పదానికి తెలుగులో ‘విశ్వాసి’ అంటారని నల్లబల్లపై రాశాము. కొత్తగా చేరిన పన్నెండేళ్ళ బాలుడొకడు వెనుక వరుసలో లేచి నిలబడి, “ఉస్తాద్, మా ఊళ్ళో కుక్కను విశ్వాసం గల జంతువు అంటారు. ఆ విశ్వాసమూ ఈ విశ్వాసమూ ఒకటేనా?” అని అడిగాడు. తరగతి గొల్లుమన్నది. మాకు కోపం వచ్చింది. “ఎంతటి మాట పక్కన దేనిని తెచ్చి పెడుతున్నావు? కూర్చో!” అని గద్దించాము. వాడు కూర్చున్నాడు. ఆ తరువాత చాలా రోజులు ఏ ప్రశ్నా అడగలేదు.

అసలు సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. ఆ బాలుడిది మేకలు మేపుకొని బ్రతికే కుటుంబం. మందకు కాపలాగా ఉండే కుక్క ఐదేళ్ళుగా వాడి వెంటే తిరిగినదట. వాడు మదరసాకు వచ్చినప్పటి నుంచి అది బస్సు ఆగే చింతచెట్టు క్రింద పొద్దుగూకే దాకా కూర్చుంటున్నదనీ, సరిగా తినడం లేదనీ వాడి తల్లి ఫోనులో చెప్పిందట. రాత్రిళ్ళు వాడు దుప్పటి ముసుగులో ఏడుస్తున్నాడని తోటి పిల్లలు మాకు చెప్పారు. తన కోసం ఎదురుచూస్తున్న ఆ ప్రాణికి నిజంగా మనసంటూ ఉన్నదా, లేక అదంతా రొట్టెముక్క కోసమేనా అన్నది వాడి బెంగ. పసివాడు బాధతో అడిగిన మాటను మేము పెంకితనంగా భావించాము.

తెలియని దానిని తెలిసినవారిని అడగాలన్నది మా గురువులు మాకు నేర్పిన మర్యాద. పశువైద్యునిగా పనిచేస్తున్న మా పూర్వ విద్యార్థి ఒకరిని పిలిపించి, ఈ విషయమై జరిగిన పరిశోధనలను కొన్ని చదివించుకొని విన్నాము. అందులో మాకు అర్థమైనంత మీ ముందు ఉంచుతున్నాము.

తల్లికీ బిడ్డకూ మధ్య ఉండే అనుబంధాన్ని పరీక్షించడానికి మేరీ ఐన్స్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక పద్ధతిని రూపొందించారు. ఏడాది వయసు బిడ్డను తల్లితో పాటు కొత్త గదిలో ఉంచుతారు. ఒక అపరిచిత వ్యక్తి లోపలికి వస్తుంది. తల్లి కాసేపు బయటకు వెళ్ళి, తిరిగి వస్తుంది. ఆ కొద్ది నిమిషాలలో బిడ్డ ఎట్లా ప్రవర్తిస్తుందో గమనిస్తారు. తల్లి దగ్గర ఉన్నప్పుడు ధైర్యంగా ఆడుకోవడం, ఆమె వెళ్ళగానే కలత చెందడం, తిరిగి రాగానే చేరువై ఊరట పొందడం దృఢమైన అనుబంధానికి గుర్తులు. హంగరీ దేశపు రాజధాని బుడాపెస్ట్‌లో కొందరు పండితులు ఇదే పరీక్షను 51 కుక్కలకూ వాటి యజమానులకూ జరిపి, 1998లో ఫలితాలు ప్రకటించారు. యజమాని గదిలో ఉన్నప్పుడు కుక్కలు కొత్త చోటును ఎక్కువగా పరిశీలించాయి, ఎక్కువగా ఆడుకున్నాయి. యజమాని వెళ్ళగానే తలుపు దగ్గర నిలబడి చూశాయి. తిరిగి వస్తే, అపరిచితునికి చూపని ఆత్రంతో ఎదురేగాయి. పసిబిడ్డ తల్లిని ఆసరాగా భావించిన తీరులోనే అవి తమ మనిషిని ఆసరాగా భావిస్తున్నాయని ఆ పండితులు నిర్ణయించారు. చింతచెట్టు క్రింద కూర్చున్న కుక్క ఆ మాట వినగానే మా కళ్ళముందు నిలిచింది.

జపాన్ దేశంలోని అజాబు విశ్వవిద్యాలయంలో జరిగిన మరొక పరిశోధన 2015లో వెలువడింది. కాన్పు సమయంలోనూ, బిడ్డకు పాలిచ్చేటప్పుడూ తల్లి శరీరంలో ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలవుతుంది. తల్లీబిడ్డల మమకారంలో దానికి పాత్ర ఉన్నదని వైద్యులు చెబుతారు. ఆ విశ్వవిద్యాలయం వారు కుక్కలనూ వాటి యజమానులనూ 30 నిమిషాల పాటు ఒక గదిలో ఉంచి, ముందూ తరువాతా ఇద్దరి మూత్రాన్నీ పరీక్షించారు. ఏ కుక్కలు యజమాని కళ్ళలోకి ఎక్కువసేపు చూశాయో, వాటిలోనూ వాటి యజమానులలోనూ ఆ హార్మోను పెరిగినది. మనుషులే చేతులారా పెంచిన తోడేళ్ళతో ఇదే ప్రయత్నం చేస్తే, అవి తమ యజమాని కళ్ళలోకి చూడనే లేదనవచ్చు. ఆ పెరుగుదలా వాటిలో కనిపించలేదు.

తోడేలుకూ కుక్కకూ మధ్య ఈ దూరం ఒక్కనాటిలో వచ్చినది కాదు. జర్మనీలోని బాన్ నగరం దగ్గర 1914లో బయటపడిన ఒక సమాధిలో ఇద్దరు మనుషుల ఎముకలతో పాటు ఒక కుక్కపిల్ల ఎముకలు దొరికాయి. అవి సుమారు 14,000 సంవత్సరాల నాటివి. ఆ పిల్లకు పసితనంలోనే తీవ్రమైన జబ్బు చేసినదని దాని పళ్ళ ఆధారంగా పరిశోధకులు గుర్తించారు. ఎవరో వారాల తరబడి సాకకపోతే అది అన్ని నాళ్ళు బ్రతికేది కాదని వారి అభిప్రాయం. జబ్బుపడిన కుక్కపిల్ల వేటకూ పనికిరాదు, కాపలాకూ పనికిరాదు. అయినా ఎవరో దానికి నీళ్ళు పట్టారు.

అయితే మనం చూసే ప్రతి చేష్టకూ మన మనసులోని అర్థమే అంటగట్టడం కూడా పొరపాటే. కుక్క తప్పు చేసి ‘సిగ్గుపడినట్లు’ తల దించుకుంటుందని చాలా మంది అంటారు. అమెరికాలో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో దీనిని పరీక్షించి చూపారు. యజమాని మందలించినప్పుడు కుక్క ఆ ముఖం పెడుతుంది, అది తప్పు చేసినా సరే, చేయకపోయినా సరే. మనకు పశ్చాత్తాపంగా కనిపించేది నిజానికి మన కోపానికి దాని జవాబు. మరి స్వీడన్‌లో 2019లో వెలువడిన ఒక పరిశోధన ఏమంటున్నదో చూడండి. మందలు కాచే జాతుల కుక్కల వెంట్రుకలనూ వాటి యజమానురాళ్ళ వెంట్రుకలనూ పరీక్షిస్తే, ఒత్తిడిని సూచించే కార్టిసాల్ అనే హార్మోను ఇద్దరిలోనూ ఒకే తీరున హెచ్చుతగ్గులతో ఉన్నదట. మనిషి మనసులోని అలజడిని కుక్క తనలోకి తీసుకుంటున్నదని వారు భావించారు.

ఇక్కడ కొందరు పాఠకులు, “మౌలానా, కుక్కలను ఇంట్లో పెంచుకోమని చెబుతున్నారా?” అని అడుగుతారు. లేదు. ధర్మశాస్త్రం గీసిన హద్దు ఎక్కడ ఉన్నదో అక్కడే ఉన్నది. కుక్క మూతి పెట్టిన పాత్రను ఎట్లా శుద్ధి చేయాలో హదీసులు చెప్పాయి. మన ప్రాంతంలో ఎక్కువ మంది అనుసరించే హనఫీ ఫిఖహ్‌లో దాని లాలాజలం అశుద్ధం. షాఫయీ, హంబలీ పండితులు దాని శరీరమంతా అశుద్ధమన్నారు. మాలికీ పండితులు బ్రతికి ఉన్న కుక్కను శుద్ధమైనదిగానే ఎంచారు. వేటకూ, పశువుల మందకూ, పంట కాపలాకూ కుక్కను ఉంచుకోవడానికి అనుమతి ఉన్నది. ఏ అవసరమూ లేకుండా ఉంచుకుంటే పుణ్యఫలం తరుగుతుందన్న హెచ్చరికా ఉన్నది. మీ ఇంటి పరిస్థితి ఏదైనా సందేహంగా ఉంటే మీ మస్జిద్ ఇమామ్ గారిని అడిగి తెలుసుకోండి.

కానీ ఈ నియమాలన్నీ పాత్రల గురించి, బట్టల గురించి, నమాజు స్థలం గురించి. ఇవి మన చేతికి నీళ్ళ చెంబు అందించే నియమాలు. వీటిని చూపి చేతికి రాయి అందుకునేవారిని మేము చూశాము. ఆ గుంపులో మా విద్యార్థులూ ఉన్నారని సిగ్గుతో ఒప్పుకుంటున్నాము. దప్పికతో తడి మట్టిని నాకుతున్న కుక్కను చూసి, బావిలోకి దిగి, తన మేజోడులో నీళ్ళు నింపి, దానిని పళ్ళతో పట్టుకొని పైకెక్కి తాపిన మనిషిని అల్లాహ్ క్షమించాడని దైవప్రవక్త (స) చెప్పిన వృత్తాంతం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. ఆ మనిషి కుక్కను ఇంటికి తెచ్చుకోలేదు, ముద్దాడలేదు. దాని దప్పికను తన దప్పికగా గుర్తించాడు. గుహవాసుల వృత్తాంతం చెప్పే సూరా కహఫ్‌లో వారి కుక్క గుహ వాకిట కాళ్ళు చాచి ఉన్న దృశ్యం ఉన్నది. ప్రతి జుమా నాడు ఆ సూరాను పఠించే మనం ఆ వాకిటి ప్రాణిని ఎన్నడైనా తలచుకున్నామా? బాగ్దాదు పండితుడు ఇబ్నుల్ మర్జుబాన్ హిజ్రీ 309లో మరణించారు. కుక్కల విశ్వాసాన్ని గురించిన కథలనూ కవితలనూ కూర్చి ఆయన ఒక గ్రంథమే రచించారు. మన పూర్వీకులకు ఈ విషయం కొత్త కాదు.

తల్లులకు ఒక మాట. పిల్లలకు కరుణతో పాటు జాగ్రత్తను కూడా నేర్పండి. తెలియని వీధికుక్కను తాకవద్దని, తింటున్న కుక్క దగ్గరకూ పిల్లలతో ఉన్న కుక్క దగ్గరకూ పోవద్దని చెప్పండి. కరిచినా, గీరినా ఆ చోటును వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళి టీకా వేయించండి. పసరు మందులతో, మంత్రాలతో కాలయాపన చేయకండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ప్రాణం నిలవడం అత్యంత అరుదు. అట్లాగే, వేసవిలో గడప బయట ఒక మట్టి మూకుడులో నీళ్ళు పెట్టండి. అందుకు ఏ మస్లక్‌లోనూ అభ్యంతరం లేదు.

ఇక ఆ బాలుని సంగతి. అందరి ముందు గద్దించాము గనుక అందరి ముందే వాడిని లేపి, “ఆనాడు నీ ప్రశ్న మంచిది, మా కోపం తప్పు” అని చెప్పాము. తరువాత జవాబు చెప్పాము. ఆ రెండూ ఒకటి కావు. ఈమాన్ అంటే తెలిసి, ఎంచుకొని, మాటతో మనసుతో అల్లాహ్‌ను అంగీకరించడం. దానికి లెక్క అడగబడుతుంది. కుక్కది దాని స్వభావంలో అల్లాహ్ ఉంచిన మమకారం. దానికి లెక్క లేదు. కానీ అన్నం పెట్టిన చేతిని అది మరువదు. ప్రతి పూటా అన్నం పెట్టే ప్రభువును మనం మరువగలం. అందువల్ల ఆ మాట మనకు తగిలినప్పుడు నవ్వడం కంటే తల దించుకోవడం మేలు.

వాడు కాసేపు నిలబడి, “అయితే అది నా కోసమే కూర్చుంటున్నదా, ఉస్తాద్?” అన్నాడు. “నీ కోసమే అని మాకు అనిపిస్తున్నది. అల్లాహ్‌కే బాగా తెలుసు” అన్నాము. ఈసారి ఎవరూ నవ్వలేదు.

బక్రీదు సెలవులకు వాడు ఊరికి వెళ్ళి వచ్చాడు. బస్సు దిగగానే అది మీదికి ఎగబడినదనీ, తల్లి నమాజుకు ముందు చొక్కా మార్పించిందనీ చెప్పాడు. ఇప్పుడు వాడి అన్న ఉదయమే దానిని మంద వెంట కొండకు తోలుకుపోతున్నాడట. పని చేతినిండా ఉండడంతో తిండి కూడా తింటున్నదట. ఆ మాట చెప్పి, వాడు ఆనాటి పాఠంలో రెండు ప్రశ్నలు అడిగాడు.

పసివారి ప్రశ్నను వినే ఓర్పును, నోరులేని ప్రాణులపై కరుణను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.