లోపం వాళ్లది, నష్టం మనదేనా?

కొత్త రోటావేటరు గేరుబాక్సు వారంటీ ఉండగానే పగులుతుంది. డీలరు దగ్గరికి వెళ్తే "రాళ్ల చేలో తోలి ఉంటారు" అంటాడు. కంపెనీకి ఫోన్ చేస్తే డీలరునే అడగమంటుంది. నాలుగు రోజులు తిరిగాక, అదను దాటిపోతుందని రైతు సొంత డబ్బు పెట్టి బాగు చేయించుకుంటాడు. పక్క మండలంలో అదే మోడల్ కొన్న రైతుకూ అదే భాగం పగిలిందని, అతనూ ఇలాగే నోరు మూసుకుని ఖర్చు పెట్టుకున్నాడని ఇతనికి తెలియదు. కంపెనీకి మాత్రం తెలుసు. మన సంఘం కార్యాలయంలో ఏటా వినే కథే ఇది. ఒక్కొక్కరికి పోయేది పది వేలో, పాతిక వేలో. అంతకోసం కోర్టు మెట్లు ఎవరెక్కుతారన్నదే కంపెనీల ధీమా.

ఈ ధీమాను కొంతైనా దెబ్బతీసిన పద్ధతి ఒకటి అమెరికాలో ఉంది. దాన్ని సామూహిక దావా అంటారు. ఒకే లోపం వల్ల నష్టపోయిన వారందరి తరఫున ఒకరిద్దరు కోర్టుకెక్కుతారు. కోర్టు ఒప్పుకుంటే, పేరు ఇవ్వకపోయినా, విడిగా వకీలును పెట్టుకోకపోయినా మిగతా అందరూ ఆ దావాలో భాగమవుతారు. వద్దనుకున్నవారు బయటికి వెళ్లవచ్చు. కంపెనీ రాజీకి వస్తే ఆ ఒప్పందాన్ని జడ్జి పరిశీలించి ఆమోదించాలి. ఈ పద్ధతి బలమూ లొసుగులూ కార్ల విడిభాగాల కేసుల్లో బాగా బయటపడ్డాయి.

జనరల్ మోటార్స్ సంగతి చూడండి. ఆ కంపెనీ అమ్మిన కొన్ని చిన్న కార్లలో ఇగ్నిషన్ స్విచ్చి బిగువుగా ఉండేది కాదు. తాళాల గుత్తి బరువుకో, గతుకులో కుదుపుకో అది దానంతటదే తిరిగిపోయి, నడుస్తున్న బండి ఇంజను ఆగిపోయేది. పవర్ స్టీరింగ్ పోయేది. గుద్దుకున్నప్పుడు ఎయిర్ బ్యాగు తెరుచుకునేది కాదు. దీన్ని సరిచేయడానికి ఒక్కో కారుకు 57 సెంట్లు, అంటే డాలరులో సగానికి కాస్త ఎక్కువ, అవుతుందని కంపెనీ కాగితాల్లోనే ఉన్నట్టు 2014లో అమెరికా కాంగ్రెస్ విచారణలో తేలింది. లోపం గురించి లోపలివారికి పదేళ్ల ముందే తెలుసు. అన్నిటికన్నా ఘోరం ఇంకొకటి. 2006లో ఆ స్విచ్చిని గుట్టుగా మార్చారు గానీ, పార్టు నంబరు మాత్రం పాతదే ఉంచారు. దాంతో మంచి స్విచ్చి ఏదో చెడ్డ స్విచ్చి ఏదో బయటివారికి తెలిసే దారి లేకపోయింది. జార్జియా రాష్ట్రంలో ప్రమాదంలో కూతుర్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు కోర్టుకు వెళ్తే, వారి తరఫు ఇంజనీరు పాత స్విచ్చినీ కొత్త స్విచ్చినీ విప్పి పక్కపక్కన పెట్టి చూశాడు. అప్పుడు గుట్టు రట్టయింది.

2014లో దాదాపు 26 లక్షల కార్లను కంపెనీ వెనక్కి పిలిచింది. పరిహార నిధి లెక్కలోనే ఆ లోపం వల్ల పోయిన ప్రాణాలు 124. ఆ నిధి నుంచి బాధితులకు, వారి కుటుంబాలకు దాదాపు 59 కోట్ల డాలర్లు అందాయి. 2015లో ప్రభుత్వానికి 90 కోట్ల డాలర్లు కట్టి కంపెనీ క్రిమినల్ విచారణ నుంచి బయటపడింది. మా కార్ల విలువ పడిపోయిందంటూ యజమానులు వేసిన సామూహిక దావా 2020లో 12 కోట్ల డాలర్ల ఒప్పందంతో ముగిసింది. అంకె పెద్దదే. లక్షలాది యజమానులకు పంచితే తలకు దక్కేది స్వల్పమే.

సామూహిక దావా అనగానే న్యాయం జరిగినట్టే అని మేము చెప్పడం లేదు. ఇదే కంపెనీ పికప్ ట్రక్కుల కేసు అందుకు ఉదాహరణ. అక్కడ రైతులు ఎక్కువగా తోలేది ఈ బళ్లే. కొన్ని మోడళ్లలో పెట్రోలు ట్యాంకును చాసిస్ బయట పక్కన అమర్చారు. పక్క నుంచి గుద్దితే నిప్పంటుకునే ప్రమాదం ఉందన్నది ఆరోపణ. దావా వేశాక కుదిరిన రాజీ ఏమిటంటే, ఒక్కో యజమానికి 1000 డాలర్ల కూపన్. అదీ అదే కంపెనీ కొత్త ట్రక్కు కొంటేనే చెల్లుతుంది! పాత ట్యాంకు పాత బండిలోనే ఉంటుంది. వకీళ్లకు మాత్రం 95 లక్షల డాలర్లు నగదుగా. కొత్త బండి కొనే స్తోమత లేనివారికి ఈ కూపన్ ఎందుకని 1995లో అప్పీలు కోర్టు ఆ రాజీని కొట్టేసింది. పరిహారం పేరుతో కంపెనీ తన సరుకునే మళ్లీ అంటగట్టే ఎత్తు మనకూ కొత్త కాదు. మొలవని విత్తనానికి బదులుగా ఇంకో సంచి ఇస్తామనే డీలర్లను మనం చూడలేదా?

ట్రాక్టర్ల సంగతికొస్తే, అమెరికా రైతు ఈ మధ్యనే ఒక పోరాటం చేశాడు. పసుపు బకెట్లలో "303" పేరుతో చవకగా హైడ్రాలిక్ ఆయిల్ అమ్మేవారు. 303 అనేది 1970ల నాటి పాత ప్రమాణం. అప్పట్లో ఆ ఆయిల్లో తిమింగలం నూనె కలిపేవారు. అది ఆగిపోయి దశాబ్దాలైనా పేరు మాత్రం మార్కెట్లో మిగిలింది. 2017లో మిస్సోరి రాష్ట్ర వ్యవసాయ శాఖ నమూనాలు పరీక్షించి, ఆ సరుకు ట్రాక్టర్లను పాడుచేసేలా ఉందని అమ్మకం ఆపించింది. వాడేసిన ఆయిలు, పైపులు కడిగిన వ్యర్థం కలిపారని రైతులు దావా వేశారు. తయారీదారులు 3 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చి రాజీపడ్డారు. ఇక్కడ నమూనా తీసి పరీక్షించింది ప్రభుత్వ శాఖ అన్న మాట గమనించాలి. మన దగ్గర ఆ భారమూ రైతు నెత్తినే పడుతుంది.

మరి మనకు ఏం జరుగుతోంది? పొగ పరీక్షను మోసం చేసే సాఫ్ట్‌వేర్ పెట్టిన ఫోక్స్‌వ్యాగన్, 2016లో అమెరికా కొనుగోలుదారుల కార్లను వెనక్కి కొనడమే గాక, ఒక్కొక్కరికి 5100 డాలర్ల నుంచి 10000 డాలర్ల దాకా అదనంగా ఇవ్వడానికి ఒప్పుకుంది. మన దేశంలో 3 లక్షలకు పైగా కార్లను పిలిచి సాఫ్ట్‌వేర్ మార్చి పంపింది. హైదరాబాద్ సత్యం కుంభకోణంలోనూ అంతే. అమెరికాలో షేర్లు కొన్నవారికి సామూహిక దావా ద్వారా కంపెనీ నుంచి 12.5 కోట్ల డాలర్లు వచ్చాయి. ఇక్కడ కొన్నవారికి అందులో పైసా రాలేదు.

మనకు చట్టం లేక కాదు. 2012 జనవరిలో జాతీయ విత్తన సంస్థ వర్సెస్ మధుసూదన్ రెడ్డి కేసులో ఆంధ్రప్రదేశ్ రైతులు సుప్రీంకోర్టులో గెలిచారు. విత్తనాల చట్టం ఉంది గనక వినియోగదారుల ఫోరానికి రాకూడదన్న వాదనను కోర్టు తోసిపుచ్చింది. విత్తనాన్ని ల్యాబుకు పంపలేదన్న సాకు కూడా చెల్లలేదు. ఉన్న గింజలన్నీ చేలో చల్లిన రైతు ల్యాబు కోసం గింజలు దాచుకుంటాడా అన్నదే కోర్టు తర్కం. ఎంతో విలువైన తీర్పు. కానీ ఎవరికి వారు ఫిర్యాదు వేసి, జిల్లా ఫోరం నుంచి ఢిల్లీ దాకా ఏళ్ల తరబడి మోస్తే వచ్చిన తీర్పు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం 35(1)(సి) ప్రకారం, ఒకే రకంగా నష్టపోయిన అనేకమంది తరఫున కొందరు, కమిషన్ అనుమతితో ఒకే ఫిర్యాదు వేయవచ్చు. లోపమున్న వస్తువు వల్ల జరిగిన హానికి తయారీదారు బాధ్యతను కూడా ఆ చట్టం చేర్చింది. అయితే అందరి ప్రయోజనం ఒకటేనని ఆధారాలతో చూపాలి. 2021లో బెంగళూరు అపార్ట్‌మెంట్ల కేసులో సుప్రీంకోర్టు ఈ విషయంలో గట్టిగానే ఉంది. అది చూపలేకపోతే కొందరు కలిసి ఉమ్మడిగా ఫిర్యాదు వేసుకోవచ్చని కూడా చెప్పింది. ఇక ఖర్చు మాట. అమెరికాలో వకీలు గెలిస్తేనే, వచ్చిన దాంట్లో వాటా తీసుకుంటాడు. మన బార్ కౌన్సిల్ నిబంధనలు అలా వాటా తీసుకోవడాన్ని ఒప్పుకోవు. కూపన్ల కథ విన్నాక ఆ నిబంధన పూర్తిగా చెడ్డదని అనలేం గానీ, ఖర్చు ఎవరో ఒకరు ముందే పెట్టుకోవాలి. ఆ పని సంఘమే చేయాలన్నది మా అభిప్రాయం. జిల్లా కమిటీలు న్యాయ సహాయ నిధి గురించి చర్చించి నిర్ణయం పంపాలి.

నిధి వచ్చినా, ఆధారం లేకపోతే లాభం లేదు. అందరి నష్టం ఒకటేనని చూపేది లాట్ నంబరు, మోడల్ నంబరు, ఇంజను నంబరు. జనరల్ మోటార్స్ దాచింది కూడా ఆ నంబరునే. ఈ ఖరీఫ్‌లో విత్తన సంచుల లేబుళ్లు చించి పారేయకండి. బిల్లు అడిగి తీసుకోండి, చిట్టీ మీద రాసిస్తే ఒప్పుకోకండి. పగిలిన భాగాన్ని పాత ఇనుప సామాన్ల వాడికి వేయకండి, డీలరుకు వదిలేసి రాకండి. ఫిర్యాదుకు గడువు రెండేళ్లే. మండల కార్యదర్శులు ఒక పుస్తకం పెట్టి, కంపెనీ, మోడల్, లాట్, కొన్న తేదీ, చెడిన తేదీ వరుసగా రాసి, ప్రతి నెలా జిల్లా కార్యాలయానికి పంపాలి. ఒకే నంబరు రెండు మండలాల పుస్తకాల్లో కనబడిన రోజున ఇద్దరు రైతులనూ పిలిచి కూర్చోబెడతాం.